గడియ సేపటి వంట

మన పెద్దలు కాలాన్ని గడియలతో కొలిచేవారు. గడియ అంటే నేటి లెక్కలో 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిసి అరవై గడియలు. నేడు ఆ మాట పంచాంగాలలోనూ శుభలేఖలలోనూ తప్ప వినిపించడం లేదు. అయినా ఆ పాత కొలతకు సరిగ్గా సరిపోయే పని ఒకటి మన ఇళ్లలో మిగిలి ఉన్నది. అది పనిచేసి అలసి వచ్చినవారు రాత్రిపూట చేసుకునే వంట. అంతకు మించి ఆలస్యమైతే పిల్లలు నిద్రకు తూగుతారు. లేదా వీధి చివరి బండి దగ్గరకు పరుగెత్తుతారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో ఎన్నో సంసారాలు రైలు వేళలకు కట్టుబడి సాగుతున్నవి. తెనాలి కూడలి స్టేషను. విజయవాడ నుండి గూడూరు వైపు పోయే పెద్దదారి మీద బాపట్ల ఉన్నది. తెనాలి దగ్గర చీలిన ఒక శాఖ రేపల్లెలో ముగుస్తుంది. మరొకటి గుంటూరుకు పోతుంది. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, విద్యార్థులు ఈ దారుల వెంట పొద్దున పోయి సాయంకాలం తిరిగి వస్తారు. ఇల్లు చేరేసరికి ఏడున్నర, ఒక్కొక్కనాడు ఎనిమిది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైన ఇంట్లో అప్పటికి పొయ్యి వెలిగి ఉండదు. చెప్పులు విడవకముందే "అమ్మా, ఇంకా ఎంతసేపు?" అనే ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్న నాన్నకు కాక అమ్మకే ఎందుకు ఎదురవుతుందో కడపట విచారిద్దాము.

పిల్లలు ఈ కాలంలో కోరేది ఏమిటి? సన్నని పోగులు, వాటిలో నాలుగు మాంసపు ముక్కలు, పైన కారం. స్టేషను రోడ్డులో బండివాడు పెద్ద మూకుడులో ఎగరవేసి ఇచ్చేది అదే. పడమటి దేశాలవారు ఇటువంటి వేళకు ఏర్పరచుకున్న భోజనమూ దీనికి దూరం కాదు. మాంసపు పలకను కాగిన పెనం మీద కొన్ని నిమిషాలు కాల్చి, ప్రక్కన నూడుల్స్ పెట్టుకొని తింటారు. ఆ పలకనే స్టేక్ అంటారు. వారికి అది చాలావరకు గొడ్డుమాంసం. మన పట్టణాలలో ఎక్కువ ఇళ్లకు వచ్చేది కోడిమాంసం, వేటమాంసం, రేపల్లె వైపునుండి వచ్చే చేపలూ రొయ్యలూ. వస్తువు మారినా ప్రశ్న ఒక్కటే: మాంసమూ పోగులూ కలిసిన కడుపునిండా భోజనం గడియలో అవుతుందా? అవుతుంది. అయితే అది చేతివేగం వలన అయ్యే పని కాదు. ఏ వస్తువుకు కాలం కావలెనో, ఏ వస్తువుకు అక్కరలేదో తెలిసి ఉండడం వలన అయ్యే పని.

ఈ తెలివి మన భాషలోనే దాగి ఉన్నది. తెలుగులో వంటకు సంబంధించిన క్రియలను వరుసగా పెట్టి చూడండి. నానడం, ఊరడం, పులియడం, మాగడం, మరగడం: ఇవన్నీ తీరికగా జరిగేవి. వీటిని మనిషి త్వరపెట్టలేడు. వేచి ఉండగలడు, అంతే. వేగడం, చిటపటలాడడం, దోరగా మారడం: ఇవి క్షణాల పనులు. వీటి దగ్గర మనిషి కన్ను మరల్చరాదు. ఇగురు అన్న పేరులోనే నీరు ఇగిరిపోయేదాకా ఆగవలెనన్న ఆజ్ఞ ఉన్నది. వేపుడు అన్న పేరులో నీటికి చోటులేదన్న హెచ్చరిక ఉన్నది. గడియ సేపటి వంట చేయదలచినవారు మొదటి జాతి క్రియలను పగటిపూటకో ముందునాటికో జరిపివేసి, రెండవ జాతి క్రియలను మాత్రమే రాత్రికి మిగుల్చుకోవలెను. ఈ విభజన తెలియనివారు ఎంత తొందరపడినా తొమ్మిదింటికి గాని విస్తరి వేయలేరు.

మన ప్రబంధకవులకు ఈ సంగతి తెలియకపోలేదు. మనుచరిత్రలో అల్లసాని పెద్దన ప్రవరుని ఇల్లాలిని వర్ణిస్తూ, వేయిమంది వచ్చినా వండడానికి ఆమె అలసిపోదనీ, అతిథులు అర్ధరాత్రి వచ్చినా కావలసినవన్నీ పెడుతుందనీ అన్నాడు. చదవడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కాని ఆ అర్ధరాత్రి పప్పు ఎప్పుడు నానినదో, పొట్టు ఎవరు తీసినారో కవి చెప్పలేదు. కృష్ణదేవరాయలు మరొక అడుగు లోపలికి వేసినాడు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు జడివాన పట్టిన దినాలలో భాగవతులకు పెట్టిన భోజనాన్ని చెబుతూ, వరి అన్నంతోనూ పప్పుతోనూ తిరగమోత కూరలతోనూ పాటు వడియాలనూ వరుగులనూ పేర్కొన్నాడు. ఇవి వానాకాలంలో తయారయ్యేవి కావు. ఎండాకాలంలో ఎవరో మేడమీదనో పెరట్లోనో ఆరబెట్టి దాచినవి. నాటి వాననాడు వంట త్వరగా ముగిసినదంటే, దాని వెనుక నిరుటి వేసవి ఎండ ఉన్నదన్నమాట. అంతేకాదు. తడికట్టెల పొగ ఇల్లాలి కంటిలో చొరకుండా కొబ్బరి చిప్పలతో మంట పెట్టించినాడని కూడ రాయలు చెప్పినాడు. ఇంత పెద్ద సామ్రాజ్యాన్ని ఏలినవాడు వంటయింటి పొగ ఎవరి కంటిలో పడుతుందో గమనించినాడు. ఈ గమనింపు మన విచారణకు చాలా ముఖ్యం.

ఇక పోగుల మాట. నూడుల్స్ నిన్నగాక మొన్న వచ్చిన విదేశీ వస్తువని కొందరి ఈసడింపు. పేరు విదేశీయమే, పోగు మాత్రం మనకు కొత్తది కాదు. వినాయకచవితినాడు మన ఇళ్లలో వరిపిండిని అరచేతులమధ్య నులిమి పోగులుగా చేసి, బెల్లమూ పాలూ పోసి ఉడికించే పాలతాలికలు ఏమిటి? కారప్పూస గిద్దె లేని ఇల్లు ఉన్నదా? రంజానుకు ముస్లిము సోదరులు పాలలో వండే సేమ్యా తెనాలిలో ఇరుగుపొరుగు ఇళ్లన్నింటికీ తెలిసినదే. చైనాలో పచ్చనది ఎగువ ప్రాంతాన లాజియా అనే చోట త్రవ్వకాలలో బోర్లపడిన మట్టిగిన్నె క్రింద దాదాపు 4000 సంవత్సరాల నాటి పోగులు దొరికినవని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అవి చిరుధాన్యపు పిండితో చేసినవట. అంటే పిండిని పోగుగా మార్చాలన్న ఆలోచన అతి ప్రాచీనమైనది.

ఆ ఆలోచనకు కారణం స్పష్టం. వేడి ఏ వస్తువులోనికైనా బయటినుండి లోపలికి పోవలెను. లావైన వస్తువులో అది నడవవలసిన దూరం ఎక్కువ. సన్నని పోగులో అతి స్వల్పం. కుడుము ఉడకడానికి పావుగంట పడితే, అదే పిండి పోగైతే మూడు నిమిషాలు చాలు. మనది వరి సీమ. దేశమంతటా సన్నబియ్యంగా పేరుపొందిన సాంబమసూరి, అనగా బి.పి.టి. 5204, బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైనదే, ఆ బి.పి.టి. అక్షరాలు బాపట్లవే. అటువంటి అన్నాన్ని కాదనేవారెవరు? కాని బియ్యం కడిగి, కాసేపు నాననిచ్చి, ఉడికించి, ఉమ్మగిలనిచ్చేసరికి మన గడియ అక్కడే చెల్లిపోతుంది. అందుచేత తీరిక లేని రాత్రులకు గోధుమ సేమ్యా మంచి సాధనం.

పొట్లాలలో వచ్చే రెండు నిమిషాల నూడుల్స్‌ను గురించి ఒక మాట. జపానులో మోమొఫుకు ఆండో 1958లో ఈ రకాన్ని మొదట అమ్మకానికి తెచ్చినాడు. మన దేశానికి మ్యాగీ 1983లో వచ్చినది. ఇది రెండు నిమిషాలలో కావడంలో మాయ ఏమీ లేదు. ఆ పోగులను కర్మాగారంలోనే ఆవిరిమీద ఉడికించి, సాధారణంగా నూనెలో వేయించి, నీరు లేకుండా చేస్తారు. మనం ఇంట్లో చేసేది వండడం కాదు, తిరిగి నానబెట్టడం. అనగా అక్కడా కాలం తగ్గలేదు. మరొకచోట మరొకరు ముందుగా ఖర్చుపెట్టినారు. దానికి మనం చెల్లించే మూల్యంలో ఉప్పూ నూనే కూడ చేరి ఉన్నవి. ఎప్పుడో ఒకనాడు తింటే దోషం లేదు. నిత్యభోజనంగా మాత్రం అది తగదు.

మాంసం విషయంలో చాలామంది తడబడతారు. వేటమాంసం తుంటి ముక్క తెచ్చి, పెనం మీద స్టేక్ వలె కాల్చబూనితే అది తోలువలె సాగుతుంది. కారణమేమంటే, ఎక్కువగా కదలాడే కండరాలలో వాటిని బంధించి ఉంచే గట్టి పదార్థం ఎక్కువగా ఉంటుంది. దానిని కొల్లాజెన్ అంటారు. అది తడివేడిలో నెమ్మదిగా కరిగితేనే మాంసం మెత్తబడుతుంది. అందుకే మన పూర్వులు వేటమాంసాన్ని నిప్పులమీద గంటలకొద్దీ మగ్గనిచ్చినారు; నేడు కుక్కరులో పెట్టుచున్నాము. ఇక పెనం మీద త్వరగా కాలే మాంసం కావలెనంటే మార్గాలు మూడు. మొదటిది, లేతదానిని ఎంచుకోవడం: ఎముక తీసిన కోడిమాంసం, వేట కార్జం, రొయ్యలు. రెండవది, సన్నగా కోయడం. అదీ కండ పీచు ఏ వైపు సాగుతున్నదో చూచి, దానికి అడ్డంగా కోయడం. పీచు పొట్టిగా తెగితే పంటికింద సులువుగా విడిపోతుంది. మూడవది, పచ్చి బొప్పాయికాయ ముద్దను కొంచెం పట్టించడం. దానిలోని పపేన్ అనే పదార్థం మాంసకృత్తులను విడగొడుతుంది. అరకిలో వేటమాంసపు పలుచని పలకలకు ఒక చిన్న చెంచా, అరగంట నుండి గంట వరకు, చాలు. మితిమీరితే ముక్క నలిగి పిండి అవుతుంది.

పెనం మీద ముక్క ఎర్రబారినప్పుడు కలిగే కమ్మని వాసనకు కూడ శాస్త్రమున్నది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయార్ 1912లో దీనిని వివరించినాడు. మాంసకృత్తులలోని అమ్లాలూ చక్కెరలూ గట్టి వేడిమీద కలిసి కొత్త రంగునూ రుచినీ పుట్టిస్తవి. ఈ మార్పు చురుకుగా సాగడానికి సుమారు 140 డిగ్రీల వేడి కావలెను. నీరున్నచోట వేడి 100 డిగ్రీలు దాటదు. అందువలన తడి ముక్కలను ఒక్కసారిగా మూకుడు నిండా కుమ్మరిస్తే అవి వేగవు, తమ నీటిలో తామే ఉడుకుతవి. వేపుడు అన్న మాటలోని హెచ్చరిక అని ఇందాక అన్నది దీనినే. మన అమ్మమ్మలు మయార్‌ను ఎరుగరు. ముక్కలను గుడ్డతో అద్ది, కొద్దికొద్దిగా వేయించడం మాత్రం ఎరుగుదురు.

ఇప్పుడు వంట చూడండి. నలుగురికి పావుకిలో సేమ్యా, ఎముక తీసిన కోడిమాంసం 350 గ్రాములు, రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్టు, చిన్న క్యాబేజీలో పావువంతు, నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం వెల్లుల్లి, కరివేపాకు, మిరియాలు, ఒక నిమ్మకాయ. పొద్దున ఇల్లు విడిచే ముందు మాంసాన్ని వేలెడు పొడవున, పెన్సిలంత మందాన అడ్డంగా కోసి, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో పెట్టవలెను. కూరగాయలు తరిగి మూతపెట్టి ఉంచవలెను. పచ్చిమాంసం కోసిన పీటనూ కత్తినీ కడగకుండా కూరలకు వాడరాదు. ఊరే పని, తరిగే పని అంతటితో అయినవి.

రాత్రి ఇంటికి రాగానే రెండు పొయ్యిలూ ఒకేసారి వెలిగించవలెను. ఒకదానిమీద రెండు లీటర్ల నీరు, దానిలో ఉప్పు. రెండవదానిమీద ఇనుప మూకుడు. అది బాగా కాగనివ్వవలెను. ఇల్లు చేరినవారు కాళ్లు కడుగుకొని వచ్చేసరికి ఆరేడు నిమిషాలు గడుస్తవి. మూకుడు కాగుతుంది, నీరు మసలబోతుంది. మూకుడులో రెండు చెంచాల నూనె పోసి, తడి అద్దిన ముక్కలలో సగం మాత్రమే ఒక్క వరుసగా పరచవలెను. రెండు నిమిషాలు కదపరాదు. క్రిందివైపు ఎర్రబారిన తరువాత త్రిప్పి మరి రెండు నిమిషాలు. ముక్కను చీల్చి చూస్తే లోపల గులాబిరంగు కనపడరాదు. అవి తీసి మిగిలిన సగం వేయవలెను. ఈలోపల నీరు మసలుతుంది. సేమ్యా వేసి మూడు నిమిషాలలో, పోగు మెత్తబడినా తెగకుండా ఉన్నప్పుడే, చిల్లుల గిన్నెలో వార్చి, పైన చల్లని నీరు పోసి, చెంచాడు నూనె కలపవలెను. లేకపోతే ముద్ద కట్టుతుంది.

మాంసం తీసిన మూకుడును కడగరాదు. అడుగున అంటుకున్న ఎర్రని మడ్డిలోనే రుచి అంతా ఉన్నది. దానిలోనే ఉల్లి, పచ్చిమిరప, కరివేపాకు వేసి, అవి చిటపటమన్న తరువాత క్యారెట్టు, క్యాబేజీ వేసి పెద్దమంటమీద రెండు నిమిషాలు కలియబెట్టవలెను. రెండు చెంచాల నీరు చల్లి అడుగు గీకితే ఆ మడ్డి కరిగి కూరకు పడుతుంది. సేమ్యా వేసి, మాంసం తిరిగి చేర్చి, మిరియాలపొడి చల్లి, ఒక్క నిమిషం ఎగరవేసి దించి, నిమ్మరసం పిండవలెను. రేపల్లెవారు కోడికి బదులు నిజాంపట్నం రొయ్యలు వాడుకుంటే మరీ సులువు. వలిచిన రొయ్య మూడు నాలుగు నిమిషాలలో వంపు తిరిగి ఎర్రబడుతుంది, అప్పుడే తీయవలెను. ఇంకా ఉంచితే రబ్బరు అవుతుంది. మాంసం ముట్టనివారు పనీరునో వేయించిన వేరుసెనగ పప్పునో వేసుకోవచ్చును. ఏ విధంగా చేసినా గడియారం చూచుకుంటే గడియకు అటూ ఇటూగా వస్తుంది.

ఈ విద్యలో మనకు గురువు కావలెనంటే స్టేషను రోడ్డు బండివాడే తగినవాడు. మనం చీటీ తీసుకున్న మూడు నిమిషాలలో అతడు పళ్లెం చేతికిస్తాడు. అతని చేతివేగాన్ని చూచి మెచ్చుకుంటాము. కాని మధ్యాహ్నం అతని ఇంటికి పోయి చూడండి. పోగులు ఉడికించి, వార్చి, నూనెరాసి ఆరబెట్టినారు. క్యాబేజీ సన్నగా తరిగి గంపకెత్తినారు. మాంసం ముందే వేయించి ఉంచినారు. ఆ పనిలో అతని భార్య చేతులు, తల్లి చేతులు, ఒక్కొక్కచోట బడినుండి వచ్చిన పిల్లల చేతులు ఉన్నవి. విష్ణుచిత్తుని వడియాల వలెనే, ఆ మూడు నిమిషాల వెనుక ఎవరిదో ఒక పూట శ్రమ ఉన్నది. త్వరితమైన వంట అనేది లోకంలో లేదు. ముందుగా జరిగిన శ్రమ ఉన్నది, అది కంటికి కనపడకపోవడం ఉన్నది.

కనుక అసలు ప్రశ్న ఎన్ని నిమిషాలలో అయినదని కాదు. ఆ ముందరి శ్రమ ఎవరిది? ఆదా అయిన నిమిషాలు ఎవరికి దక్కినవి? గ్యాసుపొయ్యి వచ్చి పొగను తీసివేసినది. కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్ ఒక్కొక్కటీ గంటల పనిని నిమిషాలకు దించినవి. ఆ లెక్కన ఈనాటి ఇల్లాలికి సాయంకాలం సగం తీరిక ఉండవలెను. ఎన్ని ఇళ్లలో ఉన్నది? వంటలో మిగిలిన అరగంట బట్టలకు, పిల్లల హోంవర్కుకు, మరునాటి టిఫినుకు పోతున్నది. ఉదయం మాంసం కోసి పెట్టమని పైన సులువుగా వ్రాసినాము. ఐదుగంటలకు లేచి ఆ పని చేసేది ఆమె ఒక్కతే అయితే, రాత్రి ఆదా చేసిన గడియను ఆమె నిద్రలోనుండే కోసి తెచ్చినట్లు. అది ఆదా కాదు.

విచిత్రమేమంటే, మన సంప్రదాయం పాకశాస్త్రానికి పురుషుల పేర్లే పెట్టినది. గొప్ప వంటను నలపాకం, భీమపాకం అంటాము. నలుని పేర పాకదర్పణమనే సంస్కృత గ్రంథమే ఉన్నది. భీముడు విరాటుని కొలువులో గరిటె పట్టినందుకు అతని గద బరువు తగ్గలేదు. ఈ పేర్లను పెండ్లివిందులలో పొగడ్తకు వాడుకునే మగవారు, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కోసం కేక వేయడం ఎంతకాలం సాగవలెను? ఈ భోజనానికి రెండు పొయ్యిలు కావలెనన్నాము. రెండు జతల చేతులు కూడ కావలెను. ఒకరు సేమ్యా చూస్తే మరొకరు మూకుడు చూడవలెను. పదేళ్ల పిల్లవాడు ఉల్లిపాయ పొట్టు తీయగలడు. పన్నెండేళ్ల పిల్ల నిమ్మకాయ పిండగలదు. తాతగారు కరివేపాకు దూయగలరు. అప్పుడు గడియ నిజంగా గడియే అవుతుంది. దాని బరువు ఒక్కరి నిద్రమీద పడదు.

బాపట్ల రైలు దిగినా, రేపల్లె రైలు దిగినా, ఇంటికి పోయే దారిలో నూడుల్స్ బండి వెలుగుతూనే ఉంటుంది. ఒకనాడు అక్కడ ఆగి తినడం తప్పు కాదు, అతడూ బ్రతకవలెను. తక్కిన రాత్రులు ఇంటి పొయ్యి దగ్గర నలుగురూ చేరి వండుకుంటే, ఎనిమిదిన్నరకు పళ్లెములు కడిగి, పడుకునే ముందు ఇల్లాలు కూడ ఒక పుస్తకం విప్పి నాలుగు పుటలు చదువుకునే వీలు కలుగుతుంది. గడియ సేపటి వంటకు ఫలం అది.